రాయిని కరిగించే పిత్తం

పిత్తాశయంలో రాళ్లున్నాయని స్కానింగ్‌లో తేలగానే చాలామంది అడిగేది ఒకటే: మాత్రలతో కరగవా అని. కొందరికి కరుగుతాయి. ఆ మాత్రలో ఉండేది మన కాలేయం తయారుచేసే పిత్తామ్లాల కోవకు చెందినదే.

కొలెస్టరాల్ నీటిలో కరగదు. పిత్తరసంలో అది విడిపోకుండా ఉందంటే పిత్తామ్లాలూ, లెసిథిన్ అనే కొవ్వూ దాన్ని చుట్టి పట్టుకోవడం వల్లనే. కొలెస్టరాల్ పాలు మించితే స్ఫటికాలు ఏర్పడతాయి, అవే పెరిగి రాళ్లవుతాయి. మరి పిత్తామ్లాన్నే మందుగా మింగితే? 1972లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు కీనోడియాక్సికోలిక్ ఆమ్లం అనే పిత్తామ్లంతో రాళ్లు కరిగించి చూపారు. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. 916 మందిపై జరిపిన పరిశీలన ఫలితాలు 1981లో వెలువడ్డాయి. రోజుకు 750 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు వాడినవారిలో రాళ్లు పూర్తిగా పోయింది 13.5 శాతం మందికే. పైగా విరేచనాలు, కొందరిలో కాలేయానికి దెబ్బ, రక్తంలో చెడు కొలెస్టరాల్ పెరగడం.

తర్వాత దాని దగ్గరి చుట్టమైన అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం వాడుకలోకి వచ్చింది. ఎలుగుబంటి పిత్తంలో ఇది దండిగా ఉంటుంది. చైనా, జపాన్ సంప్రదాయ వైద్యంలో ఆ పిత్తం ఏనాటి మందో. 1927లో జపాన్‌లోని ఒకయామాలో మసాతో షోడా ఈ ఆమ్లాన్ని స్ఫటికరూపంలో వేరుచేశాడు. ఇది పేగులు కొలెస్టరాల్‌ను పీల్చుకోవడాన్నీ, కాలేయం దాన్ని పిత్తంలోకి వదలడాన్నీ తగ్గిస్తుంది. అలా కొలెస్టరాల్ తగ్గిన పిత్తం రాయిని పైపొర నుంచి మెల్లగా కరిగిస్తుంది. చిన్నవి ముందు పోవడానికీ, పెద్దవి మొరాయించడానికీ కారణం అదే.

కొలెస్టరాల్ రాళ్లయి, కాల్షియం పేరుకోకుండా, సెంటీమీటరుకు అటూఇటూగా ఉండి, పిత్తాశయం సరిగా ముడుచుకుంటూ, దాని గొట్టం తెరుచుకుని ఉంటేనే ఈ వైద్యానికి అర్థం. నల్లటి పిగ్మెంట్ రాళ్లు దీనికి లొంగవు. మాత్రలు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా వాడాలి. ఆపాక అయిదేళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ రాళ్లు వస్తాయి, ఎందుకంటే వాటిని పుట్టించిన సంచి అలాగే ఉంది. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహ అనే సర్జన్ పిత్తాశయాన్ని లాపరోస్కోపీతో, అంటే చిన్న గాట్ల గుండా, తీశాక మాత్రలు వెనకబడ్డాయంటే ఆశ్చర్యమేముంది?

నా దృష్టిలో ఈ మాత్రల అసలు సత్తా మరోచోట ఉంది. బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత ఒళ్లు వేగంగా తగ్గేటప్పుడు పిత్తంలో కొలెస్టరాల్ పెరిగి కొత్త రాళ్లు కడతాయి. అలాంటివారికి తొలి ఆరు నెలలు అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం ఇస్తే రాళ్లు ఏర్పడే ముప్పు బాగా తగ్గుతోంది.