445 పోర్టు.. ఈ రాత్రికే మూసేయాలి!

‘ఒక ఆఫీసులో 40 నెట్‌వర్క్ పరికరాలున్నాయి. కొన్ని సిస్కో రూటర్లు, కొన్ని జునిపర్‌వి, మిగతావి ఫోర్టిగేట్ ఫైర్‌వాల్స్. టీసీపీ 445 పోర్టుని ఈ రాత్రికే అన్నింట్లో మూసేయాలి. ఏం చేస్తారు?’

నెట్‌వర్క్ ఉద్యోగాలకి వచ్చే ఫ్రెషర్లని ఈమధ్య నేను అడుగుతున్న ప్రశ్న ఇది. చాలామంది సిస్కో కమాండ్ గడగడా చెప్పేస్తారు. ‘మరి జునిపర్‌లో?’ అంటే మాత్రం మౌనం. మీరు రాజమండ్రిలోనో, భీమవరంలోనో, అమలాపురంలోనో ఫైనలియర్ చదువుతూ సీసీఎన్‌ఏకి తయారవుతుంటే ఇది మీకోసమే.

నిజంగా జరిగిందే

ఈ ప్రశ్న నేను గాల్లోంచి పుట్టించలేదు. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ బయటపడి, కొద్ది రోజుల్లోనే 150కి పైగా దేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దానికి చిక్కాయి. విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ అనే పద్ధతిలో ఉన్న లోపమే దానికి దారి. దాన్ని సరిచేసే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ఇచ్చింది. అయినా వేసుకోనివాళ్లు బోలెడుమంది. అందుకే ప్యాచ్ వేసుకోమనడంతో పాటు, నెట్‌వర్క్ అంచుల్లో 139, 445 వంటి పోర్టులు మూసేయమని మన సెర్ట్-ఇన్ సూచించింది.

సూచన ఒక్క లైనే. చేసేవాడికి తెలుస్తుంది కష్టం. వేసవిలో మన కాలువలు కట్టేస్తామని ఒక్క ప్రకటన వస్తుంది కదా. ధవళేశ్వరం నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కబురు ఒకటే. కానీ లాకు లాకుకీ గేటు వేరు, దాన్ని దించే మనిషి వేరు. ఇక్కడా అంతే.

మూడు పెట్టెలు.. మూడు తిక్కలు

సిస్కో రూటర్‌లో ‘డినై టీసీపీ ఎనీ ఎనీ ఈక్యూ 445’ అని రాసి ఇంటర్‌ఫేస్‌కి తగిలిస్తే సరిపోతుందనుకుంటాం. కానీ యాక్సెస్ లిస్ట్ చివర కనిపించని రూలు ఇంకోటి ఉంటుంది: పైన అనుమతించనిదంతా బంద్. కింద ‘పర్మిట్’ లైను మర్చిపోయారో, 445తో పాటు అన్నీ ఆగిపోతాయి. జునిపర్ ఫిల్టర్‌లోనూ ఈ గొడవ ఉంది. పైగా అక్కడ ‘కమిట్’ కొట్టేదాకా మీరు టైప్ చేసిందేదీ అమల్లోకి రాదు. ఫోర్టిగేట్‌ది ఇంకో తంతు. కమాండ్‌తో కొత్త పాలసీ చేరిస్తే అది జాబితా అడుగున పడుతుంది. పైనున్న ‘అంతా వెళ్లనివ్వు’ పాలసీ ముందే పట్టేసుకుంటుంది కాబట్టి మీ రూలు వంతే రాదు. మూసేశామనుకుని ఇంటికెళ్లిపోతాం, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. నన్నడిగితే ఈ మూడోదే అన్నిటికంటే ప్రమాదం. మొదటిదైతే కనీసం ఎవరో ఒకరు ఫోన్ చేసి తిడతారు.

నాకూ తిట్లు పడ్డాయి. మొదటి ఉద్యోగంలో ఓ బ్రాంచి రూటర్ మీద సరిగ్గా ఆ పర్మిట్ లైనే మర్చిపోయాను. ఎంటర్ కొట్టగానే బ్రాంచిలో బిల్లింగ్ ఆగింది. నా కనెక్షనూ తెగింది, సరిచేద్దామంటే లోపలికి వెళ్లే దారే లేదు. చివరికి అక్కడి క్యాషియర్‌కి ఫోన్ చేసి, ‘అండీ, ఆ పెట్టె స్విచ్ ఒకసారి తీసి వేయండి’ అని బతిమాలుకున్నాను. కాన్ఫిగరేషన్ సేవ్ చేయకపోవడంతో పాతది తిరిగొచ్చి బతికిపోయాను. సీనియర్లు ముందే ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టి పని మొదలెడతారని తర్వాత తెలిసింది. పని చెడితే 10 నిమిషాల్లో రూటర్ తనంతట తనే రీస్టార్టయి పాతదానికి వెళ్తుంది, బాగుంటే ఆ రీలోడ్‌ని రద్దు చేస్తారు. జునిపర్‌లో దీనికి ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ ఉంది.

రాసేది ఒక్కసారే

మరి 40 పరికరాలకి? ఇక్కడే ఆటోమేషన్. ‘ఆఫీసు నుంచి ఫైల్ సర్వర్‌కి 445 ఉండాలి, మిగతా ఎవరికీ వద్దు, ఇతరవి యథాతథం’ అన్న ఉద్దేశాన్ని ఒక ఫైల్‌లో రాస్తారు. గూగుల్ తన అవసరానికి తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన కాపిర్కా అనే టూల్, అలాంటి ఒక్క పాలసీ నుంచి సిస్కోకి, జునిపర్‌కి, లైనక్స్ ఐపీటేబుల్స్‌కి వేర్వేరుగా రూల్స్ తయారుచేస్తుంది. ఒకే నెట్‌వర్క్‌ని జునిపర్‌కి /24 అనీ, సిస్కోకి 0.0.0.255 అనీ రాయాల్సిన చాదస్తమంతా అదే చూసుకుంటుంది. ఆ రూల్స్‌ని పరికరాలకి పంపడానికి యాన్సిబుల్ ఉంది. పంపేముందు బ్యాట్‌ఫిష్‌కి కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఇచ్చి ‘ఇక్కడి నుంచి అక్కడికి 445 ప్యాకెట్ వెళ్తుందా?’ అని అడగొచ్చు. అసలు పరికరం లేకుండానే జవాబిస్తుంది.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. తప్పు రూలు రాస్తే ఇదివరకు ఒక బ్రాంచి ఆగేది, ఇప్పుడు నిమిషంలో 40 ఆగుతాయి. అందుకే నా ప్రశ్నకి నాకు నచ్చిన జవాబు ఏ కమాండూ కాదు. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి జవాబు చెప్పకుండా నన్నే తిరిగి అడిగింది: ‘లోపల ఫైల్ సర్వర్ ఎవరైనా వాడుతున్నారా సర్? అది కూడా ఆగిపోతుంది కదా?’ ఆమెకి జునిపర్ రాదు. ఉద్యోగం మాత్రం ఆమెకే ఇచ్చాం.

ఇంట్లోనే మొదలుపెట్టండి

అమీర్‌పేటలో రూమ్ తీసుకుంటే తప్ప ఇవి రావనుకోకండి. కాపిర్కా, యాన్సిబుల్, బ్యాట్‌ఫిష్ మూడూ ఉచితమే. సీసీఎన్‌ఏ సిలబస్‌లోనూ ఆటోమేషన్‌కి 10 శాతం వెయిటేజీ ఉంది. కాబట్టి పైథాన్‌ని పక్కన పెట్టేయొద్దు. ముందు మీ ల్యాప్‌టాప్‌లో రెండు లైనక్స్ వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి. ఒకదాంట్లో ఐపీటేబుల్స్‌తో 445 మూసి, రెండోదాన్నుంచి తట్టి చూడండి. తర్వాత అదే రూలుని ఒక వైఏఎమ్‌ఎల్ ఫైల్‌లో రాసి, చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌తో సిస్కో, జునిపర్ రూపాల్లోకి మార్చి బ్యాట్‌ఫిష్‌తో పరీక్షించండి. కావాలనే పర్మిట్ లైను తీసేసి ఏమంటుందో కూడా చూడండి. ఇదంతా గిట్‌హబ్‌లో పెట్టి, ఎక్కడ తప్పు చేశారో రీడ్‌మీలో తెలుగులో రాసినా పర్లేదు. లింకు మాత్రం రెజ్యూమెలో మొదటి పేజీలోనే ఉండాలి.