చిన్న మేడ – ఒక్క వెదురు గడ – నాలుగు బ్యాండ్లు

కొయ్యూరు అనగానే ఎవరికైనా అల్లూరి సీతారామరాజు గారే గుర్తుకు వస్తారు. 1924 మే 7న ఆయన ప్రాణాలు వదిలిన నేల ఇది. ఆ రోజుల్లో మన్యంలో కబురు మనిషి కాళ్ల మీదే ఒక కొండ నుంచి ఇంకో కొండకు వెళ్లేది. ఇప్పుడు వందేళ్లు దాటిపోయాయి. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి. అయినా మా హాస్టల్లో చదివే వాళ్లలో చాలామంది ఊళ్లలో ఫోను మాట్లాడాలంటే ఫలానా బండ ఎక్కాలి, లేదా ఫలానా చింతచెట్టు కిందికి పోవాలి. వానాకాలంలో కరెంటు పోతే ఆ కాస్త సిగ్నలూ ఉండదు. డోలీలో మనిషిని మోసుకువస్తున్నాం, రోడ్డు దగ్గరికి బండి పంపండి అని చెప్పడానికి కూడా ఒకరు ముందుగా కొండ దిగి పరుగెత్తాల్సిందే.

కొండల్లోనే కాదు, నగరాల్లోనూ ఇలా జరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు విశాఖపట్నంలోనే కరెంటూ పోయింది, ఫోన్లూ మూగబోయాయి. మన ఏజెన్సీలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేలకు వేలు కూలిపోయాయి. అలాంటి రోజుల్లో టవరు అక్కర లేకుండా ఒక మనిషి గొంతును ఇంకో మనిషికి చేర్చేది హ్యామ్ రేడియో. దీన్నే అమెచ్యూర్ రేడియో అంటారు. హైదరాబాదులో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లారు. ఆమె పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడుతుండగానే 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. సరదాగా మొదలైన ఆ స్టేషనే తర్వాత రోజుల్లో దీవుల క్షేమసమాచారం మెయిన్‌ల్యాండుకు చేరవేసింది. పోర్ట్‌బ్లెయిర్ మన కొయ్యూరుకు సుమారు 1300 కిలోమీటర్ల దూరం. మధ్యలో ఉన్నదంతా సముద్రమే.

ఈ కథ మాకు చెప్పింది మా హాస్టల్లోనే చదువుకొని వెళ్లిన ఒక సీనియర్ అన్నయ్య. ఆయనకు హ్యామ్ లైసెన్సు ఉంది. ఒక పాత షార్ట్‌వేవ్ రిసీవరు మాకిచ్చి, "యాంటెన్నా మీరే కట్టుకోండి" అన్నారు. అలా మేము మేడ ఎక్కాం.

స్థలం సమస్య

మా మేడ పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. అందులో నీళ్ల ట్యాంకు, బట్టలారేసే తీగలు పోను మిగిలేది ఎంతో చూసినవాళ్లకు తెలుసు.

రేడియో తరంగం పొడవు తెలుసుకోవడం తేలికే. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 7.1 మెగాహెర్ట్జ్ తరంగం సుమారు 42 మీటర్లు. అందుకే దాన్ని 40 మీటర్ల బ్యాండ్ అంటారు. మామూలు డైపోల్ యాంటెన్నా తరంగంలో సగం ఉండాలి, అంటే 20 మీటర్ల తీగ అడ్డంగా చాచి కట్టాలి. అది మా మేడకు పట్టదు. పైగా అది ఒక్క బ్యాండుకే. పగలు ఒక బ్యాండు, రాత్రి ఒక బ్యాండు, దూరానికి ఒకటి, దగ్గరకు ఒకటి పనిచేస్తాయి. బ్యాండుకొక డైపోల్ కట్టాలంటే మేడ చాలదు.

అడ్డంగా చోటు లేనివాడికి నిలువుగా ఉంది. తరంగంలో నాలుగో వంతు పొడవున్న తీగను నిలువుగా నిలబెడితే అదే వర్టికల్ యాంటెన్నా. లెక్క కోసం 71ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే చాలు. 7.1కి 10 మీటర్లు, 14.2కి 5 మీటర్లు, 28.4కి రెండున్నర మీటర్లు.

ఒక్క గడకు నాలుగు బ్యాండ్లు ఎలా?

బజారులో దొరికే వర్టికల్ యాంటెన్నాల్లో చాలావాటికి ట్రాపులు ఉంటాయి. ట్రాప్ అంటే ఒక కాయిలు, ఒక కెపాసిటరు సమాంతరంగా కలిపిన అమరిక. అది తన ఫ్రీక్వెన్సీ దగ్గర తలుపు మూసినట్టు పైకి కరెంటును పోనివ్వదు. మిగతా ఫ్రీక్వెన్సీల్లో తలుపు తెరిచే ఉంటుంది. అలా ఒకే గొట్టం ఒక్కో బ్యాండుకు ఒక్కో పొడవుగా పనిచేస్తుంది. పైగా కాయిళ్ల వల్ల మొత్తం ఎత్తు కూడా తగ్గుతుంది. అయితే ఎత్తు తగ్గిన కొద్దీ కొంత నష్టం ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాం.

మేము కట్టింది ట్రాపులు లేనిది. మన మన్యంలో వెదురుకు కొదవ లేదు. 7 మీటర్ల గడకు మూడు తీగలు కట్టాం. ఒకటి 10 మీటర్లు, రెండోది 5, మూడోది రెండున్నర. మూడింటి అడుగు కొసలనూ ఒకే చోట కలిపి, అక్కడి నుంచి కోయాక్సియల్ కేబుల్ కిందికి దింపాం. పై కొసలు మాత్రం ఒకదానికొకటి తగలకుండా జానెడు దూరంలో ఉండాలి.

మరి ఏ తరంగం ఏ తీగలోకి పోవాలో ఎవరు చెబుతారు? నీరు పల్లమెరుగు అన్నట్టు కరెంటు సులువైన దారి వెతుక్కుంటుంది. 14 మెగాహెర్ట్జ్ దగ్గర 5 మీటర్ల తీగ సరిగ్గా నాలుగో వంతు కాబట్టి దారి సులువు. అదే ఫ్రీక్వెన్సీకి 10 మీటర్ల తీగ సగం తరంగం అవుతుంది. దాని అడుగున నిరోధం చాలా ఎక్కువ కాబట్టి కరెంటు అటు పోదు. 28 దగ్గర ఇదే తీరున రెండున్నర మీటర్ల తీగ పనిచేస్తుంది. ఇక 21 మెగాహెర్ట్జ్‌కు వేరే తీగ అక్కర్లేదు. 10 మీటర్ల తీగ దానికి దాదాపు మూడు పావులు అవుతుంది. నాలుగో వంతులా మూడు పావులూ సులువైన దారే. అలా మూడు తీగలతో నాలుగు బ్యాండ్లు వచ్చాయి.

గడ 7 మీటర్లే కదా, 10 మీటర్ల తీగ ఎలా పట్టింది అని అడగవచ్చు. మిగిలిన 3 మీటర్లనూ గడ కొస నుంచి పక్కకు వంచి, నైలాను తాడుతో చెట్టుకు లాగాం. నాలుగో వంతు తీగలో కరెంటు ఎక్కువగా పారేది అడుగునే. పైకొసలో దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి పైభాగం వంచినా పెద్దగా నష్టం లేదు.

మా పొరపాటు

గడ నిలబెట్టిన సాయంత్రం అందరం రిసీవరు చుట్టూ చేరాం. జుయ్‌మని రొద తప్ప ఏమీ లేదు. కాసేపటికి కరెంటు పోయింది. అందరం ఉసూరుమన్నాం. అప్పుడు చీకట్లో, బ్యాటరీ మీద నడుస్తున్న రిసీవరులో ఎవరివో గొంతులు సన్నగా వినిపించాయి! కరెంటు రాగానే మళ్లీ రొద. అంటే ఆ రొద ఆకాశంలోది కాదు, మా బిల్డింగులోని బల్బులదీ చార్జర్లదీ అని అర్థమైంది. కానీ అది యాంటెన్నాలోకి ఎలా వస్తోందో తెలియలేదు.

ఆదివారం అన్నయ్య వచ్చి చూసి నవ్వారు. "తమ్ముళ్లూ, రెండో కాలేదిరా? ఒంటికాలి మీద ఎంతసేపు నిలబెడతారు?" అన్నారు.

కోయాక్సియల్ కేబుల్లో రెండు దార్లుంటాయి, మధ్య తీగ, చుట్టూ జాలీ. మేము మధ్య తీగను గడ తీగలకు కలిపి, జాలీని వదిలేశాం. డైపోల్‌కు రెండు చేతులున్నట్టే వర్టికల్‌కు కూడా రెండో సగం కావాలి. ఆ రెండో సగమే రేడియల్స్, అంటే గడ అడుగు నుంచి చక్రం ఆకుల్లా నలువైపులా పరిచే తీగలు. అవి లేకపోతే కేబుల్ జాలీయే రెండో సగంగా మారి, బిల్డింగు మధ్య నుంచి పోతూ అక్కడి రొదనంతా పోగుచేస్తుంది.

నేల మీద పరిచే రేడియల్స్‌కు కచ్చితమైన పొడవు అక్కర్లేదు. ఎన్ని ఎక్కువ పరిస్తే అంత మేలు. మేడ మీద పరిచేవి మాత్రం తరంగంలో నాలుగో వంతు ఉండాలి. అందుకని బ్యాండుకు రెండేసి, ఎదురెదురుగా, 10 మీటర్లవి రెండు, 5 మీటర్లవి రెండు, రెండున్నరవి రెండు వేశాం. 10 మీటర్లవి మేడకు పట్టలేదు. పిట్టగోడ దాకా తీసుకెళ్లి గోడ వెంట మలిపాం. అప్పుడు లెక్కపెడితే గడ మీద అందరికీ కనబడే తీగ పదిహేడున్నర మీటర్లు, కాళ్ల కింద ఎవరికీ కనబడనిది 35 మీటర్లు! ఆ సాయంత్రం కరెంటు ఉండగానే గొంతులు వినిపించాయి.

మీటరు చెప్పేదంతా నిజం కాదు

అన్నయ్య మాతో ఒక లెక్క చేయించారు. అది మాకు బాగా నచ్చింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. నాలుగో వంతు వర్టికల్‌కు ఉండే రేడియేషన్ నిరోధం సుమారు 36 ఓమ్‌లు. ఇందులోకి పోయిన శక్తి తరంగమై వెళుతుంది. నేలలో, కాంక్రీటులో ఉండే నష్టనిరోధంలోకి పోయింది వేడిగా మారుతుంది. రేడియల్స్ సరిగ్గా లేక నష్టం 36 ఓమ్‌లు ఉంటే 100 వాట్లలో 50 వృథా. అదే ట్రాపులతో పొట్టిగా చేసిన గొట్టానికి రేడియేషన్ నిరోధం 18 ఓమ్‌లే అనుకోండి. అప్పుడు 54లో 18, అంటే మూడో వంతే పైకి పోతుంది. పొట్టి యాంటెన్నాకు రేడియల్స్ ఇంకా ముఖ్యం అనేది ఇందుకే.

ఇంకో తమాషా ఉంది. కేబుల్ 50 ఓమ్‌లది. నష్టం 14 ఓమ్‌లు ఉంటే 36 కలిపి సరిగ్గా 50. ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు ఒకటి చూపిస్తుంది, అంటే నూటికి నూరు మార్కులు. కానీ 100 వాట్లలో 28 వేడిగా పోతున్నాయి. మంచి రేడియల్స్ వేసి నష్టాన్ని 4కు తగ్గిస్తే మొత్తం 40 ఓమ్‌లు. మీటరు ఒకటింపావు చూపిస్తుంది, అంటే మార్కులు తగ్గాయి. కానీ 90 వాట్లు ఆకాశంలోకి వెళుతున్నాయి. మార్కులు బాగా వచ్చినంత మాత్రాన పాఠం బాగా వచ్చినట్టు కాదని మా సార్లు చెప్పేది దీనికీ వర్తిస్తుంది.

కొండల మధ్య ఊరికి ఇంకో చిక్కు

వర్టికల్ యాంటెన్నా తరంగాన్ని ఎక్కువగా దిక్చక్రం వైపు, ఏటవాలుగా పంపుతుంది. అది దూరాన అయనోస్ఫియర్‌ను తాకి వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. దూరదేశాలకు ఇది చాలా మంచిది. కానీ మాకు చుట్టూ కొండలు. కిందుగా పోయే తరంగంలో కొంత కొండకే తగులుతుంది. అంతకన్నా ముఖ్యం, తుఫాను రోజున మాకు కావలసింది విదేశం కాదు. తిన్నగా కొలిస్తే 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖపట్నం, 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదు. వర్టికల్ నుంచి పోయిన తరంగం వాటి నెత్తి మీదుగా దాటిపోతుంది.

దీనికీ ఆ గడే ఉపాయం. గడ కొస దగ్గర నుంచి రెండు పక్కలకూ 10 మీటర్ల తీగను ఒక్కొక్కటి వాలుగా, తిరగేసిన 'వి' ఆకారంలో మేడ మూలలకు దింపితే 40 మీటర్ల డైపోల్ అవుతుంది. మూల దగ్గర మిగిలిన తీగను పక్కకు మలిపితే సరిపోతుంది. ఎత్తు తక్కువ కాబట్టి దాని తరంగం నిట్టనిలువుగా పైకి పోయి, అయనోస్ఫియర్ నుంచి వానలా చుట్టూ దిగుతుంది. అప్పుడు కొండలు అడ్డం కావు. పగటిపూట 7 మెగాహెర్ట్జ్ మన ప్రాంతంలో ఇందుకు బాగా పనికివస్తుంది. దీనికి వేరే కేబుల్ వేసుకోవాలి. దూరానికి వర్టికల్, దగ్గరకు వాలు తీగ, రెండింటికీ గడ ఒకటే.

జాగ్రత్తలు

గడ పడినా కరెంటు తీగల మీద పడనంత దూరంలో నిలబెట్టాలి. మన ఏజెన్సీలో పిడుగుల సంగతి అందరికీ తెలుసు. మొదటి ఉరుము వినగానే కేబుల్ ఊడదీసి బయట పడేయాలి. ఉరుముతుండగా మేడ ఎక్కకూడదు. ప్రసారం చేసేటప్పుడు తీగల కొసల్లో ఎక్కువ వోల్టేజీ ఉంటుంది కాబట్టి అవి చేతికి అందకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, లైసెన్సు లేకుండా ప్రసారం చేయకూడదు. మేము వింటున్నాం, అంతే. టెలికం శాఖ పెట్టే పరీక్ష 12 ఏళ్లు నిండినవారు రాయవచ్చు. పదో తరగతి ఫిజిక్స్ శ్రద్ధగా చదివినవాళ్లకు అందులో చాలాభాగం తెలిసిందే.

తమ్ముళ్లూ! ఈ సంచిక మీ చేతికి వచ్చాక కొద్ది నెలల్లో మేము పరీక్షలు రాసి వెళ్లిపోతాం. గడ ఇక్కడే ఉంటుంది. వెదురు ఎండకు చిట్లితే మార్చండి. రేడియల్స్ బట్టలారేసే తీగలనుకొని ఎవరూ తెంపకుండా చూడండి. మీలో ఇద్దరైనా ఆ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే, మళ్లీ పెద్దగాలి వచ్చి టవర్లు పడిపోయిన రోజున కొయ్యూరు నుంచి ఒక గొంతు బయటికి వినబడుతుంది. ఆ రోజు ఎవరూ కబురు కోసం కొండ దిగి పరుగెత్తనక్కర్లేదు.