గేమ్ కన్సోల్ డిస్క్ డ్రైవ్ గోల చేస్తోందా? సర్వీస్‌కి ఇచ్చే ముందు ఇది చదవండి

రాత్రి పదకొండున్నర. బెడ్‌రూమ్‌లోంచి అమ్మ అరిచింది, "ఈ టైమ్‌లో ఆ మిక్సీ ఎవర్రా వేసింది?" వంటింట్లో ఎవరూ లేరు. ఆ గోల హాల్లో టీవీ కింద ఉన్న నా గేమ్ కన్సోల్‌ది.

ఆ శబ్దం ఆపించడానికి నాకు ఐదు వారాలు పట్టింది, రూ. 6,300 ఖర్చయింది. నిజానికి ఒక ట్వీజర్, ఒక స్క్రూడ్రైవర్, అరగంట టైమ్ ఉంటే సరిపోయేది. బీటెక్ చదివి, రోజూ ఆఫీసులో పక్కవాళ్ల కోడ్‌లో బగ్గులు వెతికే నేను, ఇంట్లో బగ్ ఎక్కడుందో చూడకుండానే పార్ట్ మార్పించేశాను. కన్సోల్ ఏ కంపెనీదో, షాపులు ఏవో చెప్పను. అది అనవసరం కూడా, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయేది డిస్క్ వేసుకునే కన్సోల్ ఉన్న ఎవరికైనా జరగొచ్చు.

ఏ సౌండ్ మామూలు, ఏది కాదు

ముందు ఒక విషయం. డిస్క్ తిరుగుతుంటే శబ్దం రావడం తప్పు కాదు. బ్లూ-రే డిస్క్ అసలు స్పీడ్, అంటే 1ఎక్స్, సెకనుకి 4.5 ఎంబీ. 2013లో వచ్చిన పీఎస్4 డ్రైవ్ 6ఎక్స్, అంటే బాగా చదివితే సెకనుకి 27 ఎంబీ. దానికోసం ఆ 12 సెంటీమీటర్ల డిస్క్ నిమిషానికి సుమారు 4,800 సార్లు తిరగాలి. పీఎస్5 డ్రైవ్ పెద్ద డిస్కుల్ని 10ఎక్స్ దాకా చదువుతుంది. మన సీలింగ్ ఫ్యాన్ ఫుల్‌లో పెడితే తిరిగేది సుమారు 350 నుంచి 400 చుట్లు. తేడా మీరే చూడండి.

ఇంత స్పీడులో బ్యాలెన్స్ కొంచెం తప్పినా బాక్స్ మొత్తం ఊగుతుంది. వాషింగ్ మెషీన్‌లో తడి దుప్పటి ఒక పక్కకి ముద్దగా చేరితే స్పిన్ టైమ్‌లో ఏమవుతుందో తెలుసు కదా, ఇదీ అంతే. డిస్క్ మీద స్టిక్కర్ ఉన్నా, మధ్య రంధ్రం దగ్గర పగులు వచ్చినా, డిస్క్ కొంచెం వంగినా "భుం" అని వైబ్రేషన్ వస్తుంది.

అయితే ఆ స్పీడు ఎప్పుడూ అవసరం లేదు. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ కాలం నుంచి గేమ్ మొత్తం డిస్క్‌లోంచి లోపలి స్టోరేజ్‌కి కాపీ అయిపోతుంది. ఆ తర్వాత డిస్క్ పని తాళంచెవి పనే. 'వీడి దగ్గర ఒరిజినల్ డిస్క్ ఉంది' అని చెక్ చేసుకోవడానికి కాసేపు తిరిగి ఆగుతుంది. 50 జీబీ గేమ్ సెకనుకి 27 ఎంబీ చొప్పున కాపీ అయినా అరగంట పైనే పడుతుంది కాబట్టి, ఇన్‌స్టాల్ టైమ్‌లో హోరు వస్తే కంగారు పడకండి. ఇదివరకు ఇలా ఉండేది కాదు. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 గేమ్‌ని నేరుగా డీవీడీ నుంచే నడిపేది, 12ఎక్స్ స్పీడులో, ఆడినంతసేపూ. ఆ హోరు అప్పట్లో బాగా ఫేమస్. 2008 నవంబర్ అప్‌డేట్‌లో గేమ్‌ని హార్డ్ డిస్క్‌కి కాపీ చేసుకునే ఆప్షన్ ఇచ్చాక గానీ ఆ కన్సోల్ ఉన్న ఇళ్లల్లో ప్రశాంతత రాలేదు.

కాబట్టి మొదటి టెస్ట్ చాలా సింపుల్. డిస్క్ బయటికి తీసేయండి. అయినా శబ్దం వస్తుంటే అది డ్రైవ్ కాదు, ఫ్యాన్. ఫ్యాన్ సౌండ్ గేమ్ హెవీ అయ్యేకొద్దీ మెల్లగా పెరుగుతుంది. డ్రైవ్ సౌండ్ టక్కున మొదలై టక్కున ఆగుతుంది. సన్నగా కీచుమంటే అది రెండూ కాకపోవచ్చు, పవర్ పార్ట్స్‌లో కాయిల్ నుంచి వచ్చేది కావచ్చు.

రెండో టెస్ట్, ఇంకో రెండు మూడు డిస్కులు వేసి చూడటం. ఒక్క డిస్క్‌తోనే గోల అయితే దోషం డిస్క్‌ది. అన్నిటితో వస్తే డ్రైవ్‌లో ఏదో ఉంది.

ఆ తర్వాత శబ్దం రకం వినాలి. డిస్క్ తిరగడం, టిక్ టిక్ అనడం, ఆగడం, మళ్లీ తిరగడం, ఇలా నాలుగైదు సార్లు జరిగితే లేజర్ చదవలేకపోతోందని అర్థం. లెన్స్ మీద దుమ్ము ఉండొచ్చు, లేజర్ వీక్ అయి ఉండొచ్చు. "గర్‌ర్‌ర్" అని రాసుకుంటున్నట్టు వస్తే మాత్రం వెంటనే ఎజెక్ట్ నొక్కండి. ఏదో డిస్క్‌కి తగులుతోంది. ఇంకో రౌండ్ చూద్దాం అనుకుంటే డిస్క్ మీద గుండ్రంగా గీత పడుతుంది, ఇక ఆ డిస్క్ అంతే. తిరుగుతున్నప్పుడు కన్సోల్‌ని నిలువు నుంచి అడ్డంగా తిప్పినా ఇదే జరగొచ్చు.

నాది గర్‌ర్‌ర్. నాలుగు డిస్కులతోనూ. అంటే డ్రైవ్ దగ్గరే సమస్య అని కరెక్ట్‌గానే కనిపెట్టాను. కానీ 'డ్రైవ్‌లో ఏదో ఉంది' అనుకోవాల్సింది పోయి, 'డ్రైవ్ పోయింది' అనుకున్నాను. మిగతా కథంతా ఆ ఒక్క మాట తేడా వల్లే.

సర్వీస్ సెంటర్, షాప్, ఇంకో షాప్

వారంటీ అయిపోయి నాలుగు నెలలు. ఆథరైజ్డ్ సెంటర్‌కి వెళ్తే డ్రైవ్ ఒక్కటే రిపేర్ చేయరట. మన కన్సోల్ తీసుకుని ఇంకో రీఫర్బిష్డ్ యూనిట్ ఇస్తారట. పదిహేను వేల దాకా అవుతుందన్నారు. డేటాకి గ్యారంటీ లేదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, మా తమ్ముడు ఇంటర్ నుంచి ఆడుతున్న ఫుట్‌బాల్ కెరీర్ మోడ్ సేవ్ అందులోనే ఉంది. క్లౌడ్ సబ్‌స్క్రిప్షన్ 'వచ్చే నెల తీసుకుందాంలే' అని రెండేళ్లుగా వాయిదా వేసింది నేనే. వాడికి ఈ మాట చెప్పే ధైర్యం లేక కన్సోల్ వెనక్కి తెచ్చేశాను.

మా ఏరియాలో ఫోన్లు రిపేర్ చేసే కుర్రాడు ఒకడున్నాడు. మంచివాడు, పని తెలిసినవాడు, ఫోన్ల వరకు. "డ్రైవ్ మార్చేద్దాం అన్నా, 4,800, సాయంత్రం కల్లా ఇచ్చేస్తా" అన్నాడు. ఇచ్చేశాడు కూడా. ఇంటికొచ్చి ఆన్ చేస్తే ఎంత సైలెంట్ అంటే, డిస్క్ చదవడం కూడా మానేసింది. నాలుగు డిస్కులూ వేశాను. ఒక్కటీ గుర్తుపట్టలేదు.

ఇక్కడ ఆ కుర్రాడికి, నాకు ఇద్దరికీ తెలియని విషయం ఒకటి ఉంది. చాలా కన్సోల్ డ్రైవ్‌లలో చిన్న కంట్రోల్ బోర్డ్ ఉంటుంది. ఫ్యాక్టరీలోనే ఆ బోర్డ్‌కీ, కన్సోల్ మదర్‌బోర్డ్‌కీ ఒక కీ ద్వారా జత కలిపేస్తారు. వేరే బోర్డ్ కనెక్ట్ చేస్తే మదర్‌బోర్డ్ 'నువ్వెవరో నాకు తెలీదు' అంటుంది. ఇది పైరసీ ఆపడానికి పెట్టిన ఏర్పాటు. ఎక్స్‌బాక్స్ 360 రోజుల్లో డ్రైవ్ ఫర్మ్‌వేర్ మార్చి కాపీ డిస్కులు ఆడించేవాళ్లు, కాబట్టి కంపెనీల భయం ఉత్తిది కాదు. కానీ దాని దెబ్బ తగిలేది ఒరిజినల్ డిస్కులు కొనుక్కున్న మనకి.

అంటే మోటార్, లేజర్, రోలర్, ఇవన్నీ మార్చుకోవచ్చు. బోర్డ్ మాత్రం మీ పాతదే ఉండాలి. కొత్త డ్రైవ్ తెచ్చినా అందులోకి మీ పాత బోర్డ్ మార్చి బిగించాలి. మొదట్లో వచ్చిన పీఎస్5ల్లో డ్రైవ్ మార్చేవాళ్లు చేసేది ఇదే. పీఎస్4 తర్వాతి మోడల్స్‌లో ఈ చిప్ మదర్‌బోర్డ్ మీదే ఉంటుంది, వాటికి ఈ గొడవ లేదు. 2023 నవంబర్‌లో వచ్చిన సన్న పీఎస్5కి డ్రైవ్ మనమే ఊడదీసి పెట్టుకోవచ్చు, కానీ అక్కడా మొదటిసారి ఇంటర్నెట్‌కి కనెక్ట్ చేసి జత కలపాల్సిందే. అమెరికాలో 2021లో కాపీరైట్ రూల్స్‌కి ఒక మినహాయింపు ఇచ్చారు, ప్రత్యేకంగా కన్సోల్ డిస్క్ డ్రైవ్ రిపేర్ కోసమే ఈ డిజిటల్ తాళం దాటొచ్చని. అలా దాటించే టూల్స్ పంచడానికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. తాళం తీసుకో అన్నారు, తాళంచెవి ఎవరూ ఇవ్వలేదు.

ఇదంతా ఆ రాత్రి ఫోన్‌లో చదివి, పొద్దున్నే షాప్ తెరవకముందే వెళ్లి నిలబడ్డాను. "పాతదా? ఆ డబ్బాలో ఉంటుంది చూడన్నా." అట్టపెట్టెలో పాత డ్రైవ్‌లు. అందులో నా మోడల్‌వి మూడు. ఏది నాదో నాకే తెలీదు. ఒక్క ఫొటో కూడా తీసుకోలేదు. ఆ ఐదు నిమిషాలు నిజంగా చెమటలు పట్టాయి. పాత డ్రైవ్ స్క్రాప్‌కి వెళ్లిపోయి ఉంటే నా షెల్ఫ్‌లో ఉన్న డిస్కులన్నీ కోస్టర్లుగా వాడుకోవాల్సిందే.

మూడూ సంచీలో వేసుకుని, కన్సోల్ పట్టుకుని, ఆఫీసుకి లీవ్ పెట్టి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన, యాభై దాటి ఉంటాయి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి మొత్తం కథ విన్నారు. "బాబూ, మార్చే ముందు మూత తీసి చూసిండ్రా ఎవరన్నా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

రెండో డ్రైవ్ పెట్టగానే కన్సోల్ డిస్క్‌ని గుర్తుపట్టింది, వెంటనే గర్‌ర్‌ర్ కూడా మొదలైంది. ఆ గోల వినడం నాకు అంత సంతోషంగా ఎప్పుడూ అనిపించలేదు. ఆయన డ్రైవ్ పైమూత తీశారు. డిస్క్‌ని పైనుంచి పట్టి ఉంచే క్లాంప్ అంచున చుట్టుకుపోయిన కాగితం ముక్క ఉంది. ట్వీజర్‌తో లాగి నా చేతిలో పెట్టారు. ధర స్టిక్కర్ ముక్క. "1,4" వరకే కనిపిస్తోంది.

సెకండ్ హ్యాండ్‌లో 1,499కి కొన్న గేమ్ అది. డిస్క్ మీదే స్టిక్కర్ అంటించి అమ్మారు. నేను గోటితో గీకితే సగం వచ్చింది, 'పర్లేదులే' అని అలాగే లోపలికి తోశాను. మిగతా సగం లోపల ఊడి అక్కడ అతుక్కుంది. ఆయన జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పాత డ్రైవ్‌నే తిరిగి బిగించి, 1,500 తీసుకున్నారు. కొత్త డ్రైవ్‌కి డబ్బు వెనక్కి రాలేదు, విప్పిన పార్ట్‌కి రిటర్న్ ఉండదన్నాడు మా ఏరియా కుర్రాడు. దాని మీద నేను వాదించలేదు, మార్చమన్నది నేనే కదా.

మీరు ఇచ్చేటప్పుడు

వారంటీ ఉంటే మూత తీయొద్దు, నేరుగా కంపెనీ సెంటర్‌కే వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా ముందు ఇంట్లో రెండు వీడియోలు తీయండి, డిస్క్ ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి. కౌంటర్ దగ్గర చేతులు తిప్పుతూ "గర్‌ర్" అని నోటితో సౌండ్ చేసి చూపించే బాధ తప్పుతుంది. కన్సోల్ సీరియల్ నంబర్ ఫొటో తీసుకోండి. మీ ముందే విప్పితే డ్రైవ్ మీద లేబుల్ ఫొటో తీసి, బోర్డ్ అంచున మార్కర్‌తో చిన్న గుర్తు పెట్టమనండి. 'పాత డ్రైవ్ వాపసు ఇవ్వాలి' అని బిల్లు మీద రాయించండి. ఇది అడగడానికి మొహమాటం వద్దు. సేవ్ డేటా బ్యాకప్ మాత్రం ఇవాళే చేసుకోండి, డ్రైవ్ బాగున్నా సరే.

తీసుకునేటప్పుడు మీ డిస్క్ వెంట తీసుకెళ్లి అక్కడే వేసి చూడండి. మెనూ వస్తే చాలదు, గేమ్ ఓపెన్ అవ్వాలి. నేను ఆ పని చేసి ఉంటే నాకు ఒక రాత్రి నిద్ర మిగిలేది. పార్ట్ మార్చకుండానే బిల్లు వేశారు, పాతది ఇవ్వట్లేదు లాంటి గొడవలైతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది.

'ఇంత గోల ఎందుకు బ్రో, డిజిటల్ కొనుక్కోవచ్చు కదా' అంటారని తెలుసు. 2021 ఫిబ్రవరిలో పీఎస్5 ఇక్కడికి వచ్చినప్పుడు డిస్క్ ఉన్నది 49,990, లేనిది 39,990. ఆ పది వేల తేడాని నేనైతే డిస్కులు ఆడి అమ్మేస్తూ రాబట్టుకోగలను. డిజిటల్ గేమ్‌ని తమ్ముడి ఫ్రెండ్‌కి వారం రోజులు అప్పివ్వలేను. కాబట్టి డిస్కులే. కాకపోతే ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కేస్ తెరిచి చూస్తాను. స్టిక్కర్ కేస్ మీద ఉంటే ఓకే, డిస్క్ మీద ఉంటే వదిలేస్తాను, ధర ఎంత తగ్గించినా.

ఆ 4,800 డ్రైవ్ నా టేబుల్ మీదే ఉంది, బోర్డ్ పనికిరాదు కానీ మోటార్, లేజర్ కొత్తవి. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. తమ్ముడి టీమ్ నిన్న రాత్రి ఇంకో సీజన్‌కి వెళ్లింది.