చాయ్ ఊళ్లో చుక్క చుక్క కాఫీ

వరంగల్ చాయ్ ఊరు. హనుమకొండ చౌరస్తాలో పొద్దున్నే పొగలు కక్కేది అల్లం చాయే. కాఫీ కావాలంటే చాలా ఇళ్లలో ఇన్‌స్టంట్ పొడే దిక్కు. స్టీలు ఫిల్టర్ ఉన్నా అది అటక మీదే.

దాన్ని కిందికి దించితే ముందు చూడాల్సింది పొడి. ప్యాకెట్ మీద చికోరీ శాతం రాసి ఉంటుంది. చట్టం 49 శాతం దాకా ఒప్పుకుంటుంది. చికోరీ ఒక మొక్క వేరు. డికాక్షన్‌కు నలుపూ చిక్కదనమూ ఇస్తుంది, కాఫీ వాసన మాత్రం ఇవ్వదు. సగం వేరే ఉన్న పొడికి కాఫీ ధర పెట్టడం దండగ! 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా గింజల్ని కొద్దికొద్దిగా మర పట్టించుకోవడం మేలు. పట్టిన పొడి వాసన త్వరగా పోతుంది.

పొడి మరీ మెత్తనైతే చిల్లులు మూసుకుపోయి డికాక్షన్ దిగదు, చేదెక్కుతుంది. బరకైతే నీళ్లు గబగబా జారి పలచనవుతుంది. సన్న రవ్వకన్నా కాస్త మెత్తగా ఉంటే చాలు. పై గిన్నెలో పొడి వేసి, చిల్లుల బిళ్లతో మెల్లగా అదమాలి. గట్టిగా నొక్కకూడదు. మరిగిన నీళ్లను అర నిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత మాత్రమే పోయాలి. లోపలి వాయువు బుడగలుగా పోయాక మిగతావి. ఉప్పదనమున్న బోరు నీళ్లు ఎంత మంచి గింజనైనా చెడగొడతాయి.

కాగితపు ఫిల్టర్ దారి వేరు. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి అద్దుడు కాగితంతో కాఫీ వడకట్టి పేటెంట్ పొందింది. ఆ కాగితం గింజల్లోని నూనెల్ని ఆపేస్తుంది. మన స్టీలు చిల్లులు వాటిని వదిలేస్తాయి, అందుకే పాలు పోసినా రుచి నిలుస్తుంది.