మీ ఫోన్ ఐఎంఈఐ కరెక్టేనా? 10తో భాగిస్తే తెలిసిపోతుంది!

ఫ్రెండ్స్, మొన్న విడపనకల్లు నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, సెకండ్ హ్యాండ్ ఫోన్ ఒకటి చూసినా, తీసుకోమంటావా?" అన్నాడు. ఐఎంఈఐ పంపమంటే కాగితం మీద రాసి ఫోటో పెట్టాడు. టైప్ చేస్తే నా చిన్న ప్రోగ్రామ్ 'తప్పు' అని చూపించింది. తీరా చూస్తే 7ని నేను 1 అని చదివాను!

ప్రోగ్రామ్ ఎలా పట్టుకుంది? ఐఎంఈఐలో 15 అంకెలుంటాయి. చివరిది చెక్ డిజిట్. దీని వెనక ఉన్నది లూన్ ఫార్ములా. ఐబీఎం ఇంజినీర్ హాన్స్ పీటర్ లూన్‌కి దీని మీద 1960లో పేటెంట్ వచ్చింది.

కోడ్ లాజిక్ ఇంతే:

1. సంఖ్య % 10 చేస్తే చివరి అంకె చేతికొస్తుంది.
2. సంఖ్య / 10 చేస్తే ఆ అంకె ఊడిపోతుంది. సంఖ్య 0 అయ్యేదాకా ఇదే లూప్.
3. కుడి నుంచి 2, 4, 6... స్థానాల్లోని అంకెల్ని రెట్టింపు చేయాలి. 9 దాటితే 9 తీసేయాలి.
4. అన్నీ కూడాలి. మొత్తం % 10 సున్నా వస్తే నంబర్ ఓకే.

ఉదాహరణకి 490154203237518 తీసుకోండి. మొత్తం 60, అంటే కరెక్ట్. ఇందులో 7 బదులు 1 కొడితే 57 వస్తుంది, దొరికిపోతుంది. ఏ ఒక్క అంకె మారినా ఇది పట్టేస్తుంది.

బిగినర్స్ ఇక్కడే బోల్తా పడతారు: జావాలో ఇంట్ గరిష్ఠంగా 2147483647 వరకే. 15 అంకెలు పట్టవు, లాంగ్ వాడాలి. పైథాన్‌లో ఈ బాధ లేదు, కానీ భాగహారానికి // వాడాలి. ఒక్క / పెడితే దశాంశాలు వచ్చి లెక్క చెడుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. లూన్ టైపింగ్ తప్పుల్నే పడుతుంది, దొంగ ఫోన్‌ని కాదు. అందుకే కొనేముందు ఆ ఫోన్‌లోనే *#06# కొట్టి నంబర్ చూడండి. తర్వాత ఇంగ్లీషులో కేవైఎం అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, ఐఎంఈఐ రాసి 14422కి మెసేజ్ పంపండి. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్ అని వస్తే కొనొద్దు.

మావాడి నంబర్ సరిచేశాక లూన్‌లో పాసైంది. మెసేజ్ పెడితే మాత్రం డూప్లికేట్ అని వచ్చింది. డబ్బులు మిగిలాయి!