టోరెంట్ ఆగితే ఎక్కడ చూడాలి, తెరిచే ముందు ఏం చూడాలి

చైతన్యపురి మెట్రో స్టేషన్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిస్తే రోడ్డు పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వెనక సందుల్లో హాస్టళ్లు కనిపిస్తాయి. లైనక్స్, పైథాన్, డేటా సైన్స్ నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన వాళ్లలో చాలామందికి ముందుగా ఎదురయ్యే పని ఉబుంటు అనే లైనక్స్ దింపుకోవడం. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఫైలు దాదాపు ఆరు జీబీ. యాభై మంది వాడే హాస్టల్ వైఫైలో బ్రౌజర్‌తో దింపుతుంటే మధ్యలో తెగి, మళ్లీ మొదటికి రావడం మామూలే. టోరెంట్‌కు ఆ బాధ లేదు. కరెంటు పోయినా, వైఫై పోయినా ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. ఉబుంటు సంస్థే తన సైట్లో టోరెంట్ ఫైళ్లు ఇస్తోంది. టోరెంట్ అంటే దొంగ సినిమా అనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

బిట్‌టోరెంట్‌ను బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2001లో విడుదల చేశారు. ఒకే నోట్సు పదిమందికి కావలసి వచ్చినప్పుడు హాస్టల్ పిల్లలు తలా ఒక చాప్టర్ జిరాక్స్ తీయించి మార్చుకుంటారు కదా, ఇదీ అంతే. ఫైలు చిన్న చిన్న ముక్కలవుతుంది. ముక్క 256 కేబీ అనుకుంటే ఆరు జీబీ ఫైలుకు 24 వేల పైచిలుకు ముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో కంప్యూటర్ నుంచి వస్తుంది. మన దగ్గరికి చేరిన ముక్క అప్పుడే ఇంకొకరికి వెళ్లడం మొదలవుతుంది.

ప్రతి ముక్కకూ హ్యాష్ అనే ముద్ర ఉంటుంది. వచ్చిన ముక్క ఆ ముద్రతో సరిపోలకపోతే టోరెంట్ దింపే ప్రోగ్రాము, అంటే క్లయింట్, దాన్ని పారేసి మళ్లీ తెచ్చుకుంటుంది. మొదటి నుంచీ ఇందుకు షా-1 అనే పద్ధతి వాడారు. ఒకే షా-1 ముద్ర వచ్చేలా రెండు వేర్వేరు ఫైళ్లను తయారు చేయవచ్చని 2017లో గూగుల్, నెదర్లాండ్స్‌కు చెందిన సీడబ్ల్యూఐ పరిశోధకులు చేసి చూపించారు. బిట్‌టోరెంట్ రెండో వెర్షన్ అంతకంటే గట్టిదైన షా-256కు మారింది.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. దారిలో ముక్క మారలేదని మాత్రమే హ్యాష్ చెబుతుంది. ఆ ఫైలు మంచిదో కాదో చెప్పదు. వైరస్ ఉన్న ఫైలుకు ఎవరైనా టోరెంట్ తయారు చేస్తే, ఆ వైరస్ కూడా ఒక్క బిట్టు చెడకుండా మన కంప్యూటర్‌కు చేరుతుంది.

రెండు వారాల తేడాలో జరిగిన రెండు సంఘటనలు ఈ సంగతిని రెండు వైపుల నుంచీ చూపిస్తాయి. 2016 ఫిబ్రవరి 20న ఉబుంటు లాంటిదే అయిన లైనక్స్ మింట్ సైట్లోకి చొరబడిన దుండగులు అసలు ఫైలు లింకు తీసేసి, దొంగదారి పెట్టిన ఫైలుకు లింకు ఇచ్చారు. టోరెంట్‌తో దింపుకున్నవాళ్లకు ఏ హానీ జరగలేదని మింట్ బృందం ప్రకటించింది. మార్చి 4న కథ తిరగబడింది. ఈసారి చెడింది టోరెంట్ క్లయింటే. మ్యాక్ కంప్యూటర్లలో వాడే ట్రాన్స్‌మిషన్ 2.90లో కేరేంజర్ అనే రాన్సమ్‌వేర్ చేరింది. అదీ సొంత సైట్లోని ఇన్‌స్టాలర్‌లోనే. అది మూడు రోజులు కదలకుండా ఉండి, తర్వాత ఫైళ్లకు తాళం వేసి ఒక బిట్‌కాయిన్ అడిగింది.

కాబట్టి క్లయింట్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నామన్నది చాలా ముఖ్యం. ఇప్పుడు చాలామంది వాడే క్యూబిట్‌టోరెంట్ 2006లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. ప్రకటనలు ఉండవు. అసలు సైటు చిరునామా డాట్ ఆర్గ్‌తో ముగుస్తుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఇదే పేరుతో డబ్బుకు అమ్మిన యాప్ తమది కాదని తయారీదారులే చెప్పారు.

దీనిలోని సెర్చ్ సదుపాయం చాలామందిని తికమక పెడుతుంది. వ్యూ మెనూలో సెర్చ్ ఇంజిన్ ఆన్ చేస్తే, పైథాన్ లేదన్న సందేశం రావచ్చు. కారణం సూటిది. సెర్చ్ ప్లగిన్లన్నీ పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాములు. ఒక్కొక్కటీ ఒక్కో సైటు పేజీని తెరిచి, అందులోంచి పేరు, సైజు, పూర్తి ఫైలు ఉంచుకుని పంచుతున్న సీడర్ల సంఖ్య ఏరుకొస్తుంది. ఆ సైటు పేజీ రూపం మార్చినా, చిరునామా మార్చినా ప్లగిన్‌కు ఏమీ దొరకదు. నిన్నటిదాకా పనిచేసిన సెర్చ్ ఇవాళ సున్నా ఫలితాలు చూపిస్తే ముందు ప్లగిన్ల కిటికీలో అప్‌డేట్ చూడాలి. క్లయింట్ తీసేసి మళ్లీ వేసుకోనక్కరలేదు. జాకెట్ ప్లగిన్ ఏపీఐ కీ లోపం చూపిస్తే అది చెడినట్టు కాదు. జాకెట్ అనే వేరే ప్రోగ్రామును వేసుకుని, దాని కీని ప్లగిన్‌కు ఇవ్వాలి. అది అక్కరలేనివాళ్లు ఆ ప్లగిన్‌ను ఆపేయవచ్చు.

ప్లగిన్ ప్రోగ్రామే కాబట్టి, మన కంప్యూటర్లో మనం చేయగలిగినవన్నీ అదీ చేయగలదు. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పంపిన ప్లగిన్ ఫైలును ఎక్కించుకోవడమంటే ముక్కూమొహం తెలియనివాడికి ఇంటి తాళం ఇచ్చినట్టే. అసలు దారిలో కూడా లోపం ఉండవచ్చు. క్యూబిట్‌టోరెంట్ తాను దింపుకునే వాటి విషయంలో అవతలి సర్వర్ భద్రతా ధ్రువపత్రం సరైనదో కాదో 2010 నుంచి పట్టించుకోలేదు. విండోస్‌లో సెర్చ్ కోసం పైథాన్ తెచ్చిపెట్టే పని కూడా ఆ దారినే జరిగేది. అంటే మధ్యలో మాటువేసినవాడు పైథాన్ బదులు ఇంకేదైనా పంపగలిగేవాడు. పద్నాలుగేళ్ల ఈ లోపాన్ని 2024 అక్టోబరులో వచ్చిన 5.0.1 సరిదిద్దింది. అంతకంటే పాత వెర్షన్ ఉన్నవాళ్లు ఇవాళే మార్చుకోవాలి. పైథాన్‌ను దాని సొంత సైటు నుంచి విడిగా వేసుకోవడం మేలు.

డౌన్‌లోడ్ కదలకపోతే తప్పు చాలాసార్లు క్లయింట్‌ది కాదు. స్టాల్డ్ అని చూపిస్తే సీడర్లు ఎంతమంది ఉన్నారో చూడాలి. సున్నా అయితే ఏ సెట్టింగూ కాపాడదు. టోరెంట్ ఫైలు బదులు వాడే మ్యాగ్నెట్ లింకు మెటాడేటా (ఫైలు వివరాలు) దగ్గరే ఆగిపోతే, పంచేవాళ్లను వెతికిపెట్టే డీహెచ్‌టీ ఆన్‌లో ఉందో లేదో చూసి, వీలైతే టోరెంట్ ఫైలునే తెచ్చుకోవాలి. నాలుగు జీబీ దగ్గర లోపం చూపిస్తే దింపుతున్న పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉందేమో చూడాలి. ఆ పద్ధతిలో అంతకు మించిన ఒక్క ఫైలు పట్టదు. బయటి కంప్యూటర్లు మనల్ని చేరుకునే పోర్టు తెరుచుకోకపోవడానికి కారణం మన రూటర్ కాకపోవచ్చు. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే చిరునామాను ఎందరికో పంచుతాయి. రూటర్‌లో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే పోర్ట్ ఫార్వర్డింగ్‌తో కుస్తీ పట్టడం వృథా. ఐపీవీ6 ఉంటే ఆన్ చేసుకోవాలి. హాస్టల్ మొత్తానికి నెట్ నెమ్మదించిందని తగాదా వస్తే, కనెక్షన్ల సంఖ్య, అప్‌లోడ్ వేగం తగ్గించాలి.

పూర్తయ్యాక తెరిచే ముందు ఫైలు పేరు చివరి తోక, అంటే ఎక్స్‌టెన్షన్, చూడాలి. విండోస్ మామూలుగా ఆ తోకను దాచేస్తుంది. వీడియో అనుకున్నది ఈఎక్స్ఈ అయితే వెంటనే తీసేయాలి.

చట్టం సంగతి. 2025 జూలైలో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఎల్బీనగర్ దాటగానే వచ్చే వనస్థలిపురంలో ఉంటున్న ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. థియేటర్లలో ఫోనుతో సినిమాలు తీసి టోరెంట్ సైట్లకు అమ్మాడన్నది ఆరోపణ. థియేటర్లో రికార్డు చేసినవారికి 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు విధిస్తుంది. చూసేవాడికేం అనుకోవడానికి లేదు. టోరెంట్‌లో దింపుకోవడమంటే ఆ క్షణం నుంచే ఇతరులకు పంచడం. మన ఐపీ చిరునామా ఆ ఫైలు పంచుకుంటున్న గుంపులో అందరికీ కనిపిస్తుంది. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద మామూలుగా కనీస శిక్ష ఆరు నెలలు, గరిష్ఠం మూడేళ్లు. అనుమతితో దొరికేవీ తక్కువేం కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి టోరెంట్లు ఇస్తోంది, పాత తెలుగు పుస్తకాలు అందులో చాలా ఉన్నాయి. డేటా సైన్స్ చదివేవాళ్లకు అకడమిక్ టోరెంట్స్ ఉంది.

కోచింగ్ సెంటర్లు నడిపేవారికి ఒక విన్నపం. క్లయింట్లలో లోకల్ పీర్ డిస్కవరీ అనే సెట్టింగు ఉంటుంది. దానితో ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లు బయటి ఇంటర్నెట్ వాడకుండా ముక్కలు నేరుగా ఇచ్చిపుచ్చుకుంటాయి. ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్లో ఉబుంటు టోరెంట్‌ను సీడింగ్‌లో ఉంచండి. రూటర్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి చేరకుండా అడ్డుకునే క్లయింట్ ఐసోలేషన్ ఆపి, ఆ సెట్టింగు ఆన్ చేయించండి. బ్యాచ్ మొత్తానికి నిమిషాల్లో ఫైలు అందుతుంది, పిల్లల మొబైల్ డేటా మిగులుతుంది.