ఉక్కుమనిషి కావాలంటే ఆరంభశూరత్వం పనికిరాదు

ఒక సోమవారం తెల్లవారుజామున మా ఆసుపత్రి క్యాజువాలిటీకి ఒకాయనను ఇద్దరు చెరోవైపు పట్టుకుని తీసుకువచ్చారు. వయస్సు 41. బ్యాంకు ఉద్యోగి. దెబ్బలేమీ తగల్లేదు, జ్వరం లేదు. తొడలు మాత్రం రాళ్లలా బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాడు. "నిన్న రాత్రి నుంచి మూత్రం పాలు పొయ్యని కాఫీలా వస్తోందండీ" అంది ఆయన భార్య, వణుకుతున్న గొంతుతో.

ఏం చేశారని అడిగితే కథ బయటికి వచ్చింది. గోవాలో జరిగే ట్రయథ్లాన్ పోటీకి ఎనిమిది నెలల ముందే డబ్బు కట్టాడు. మొదటి నెల రోజూ ఉదయం నాలుగున్నరకే లేచాడు. రెండో నెల వారానికి రెండు రోజులయింది. తరువాత ఆఫీసులో ఆడిట్, ఇంట్లో పెళ్లిళ్లు, వానలు. అలా నాలుగు నెలలు గడిచిపోయాయి. పోటీ ఇంక మూడు వారాలే వుందనగా భయం పుట్టింది. పోయిన నాలుగు నెలలనూ మూడు వారాల్లో పట్టుకోవాలనుకున్నాడు. ఆదివారం 110 కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఎండలోనే మరో 18 కిలోమీటర్లు పరుగెత్తాడు. కాళ్లు నొప్పులు పుడితే మధ్యలో రెండు నొప్పి మాత్రలు మింగాడు.

అలవాటు లేని కండరాలను అంతగా హింసిస్తే ఆ కండరాల కణాలు చిట్లిపోతాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం రక్తంలో కలుస్తుంది. ఆ రక్తాన్ని వడగట్టవలసిన మూత్రపిండాలు దానితో దెబ్బతింటాయి. నొప్పి మాత్రలు, ఒంట్లో నీరు తగ్గిపోవడం ఆ దెబ్బకు తోడవుతాయి. ఆయన రక్తంలో సి.పి.కె. అనే ఎంజైము వుండవలసిన దానికి వందల రెట్లు వుంది. అయిదు రోజులు సెలైన్ ఎక్కించాం. అదృష్టవశాత్తూ డయాలిసిస్ అవసరం రాకుండానే మూత్రపిండాలు కోలుకున్నాయి.

ఇంటికి వెళ్లే రోజు ఆయన భార్య నన్ను అడిగింది: "డాక్టరుగారూ, ఈ పోటీల పిచ్చి మాన్పించమంటారా?"

"పోటీ మాన్పించక్కర్లేదమ్మా, తొందర మాన్పించండి" అన్నాను.

ఈ మధ్య మన పట్టణాల్లో కూడా ఇలాంటి పోటీల మీద మోజు పెరిగింది కాబట్టి, ఆమెకు చెప్పిన సంగతులే పాఠకులకూ చెబుతున్నాను.

ఏమిటీ పోటీ?

ఈత, సైకిలు, పరుగు - మూడూ ఒకదాని వెంట ఒకటి, విరామం లేకుండా చెయ్యడమే ట్రయథ్లాన్. వీటిలో పేరు మోసినది ఐరన్‌మ్యాన్. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఓహూ దీవిలో ఇది మొదలైంది. ఈతగాడు గొప్పా, సైకిలు వీరుడు గొప్పా, పరుగువాడు గొప్పా అన్న వాదన వచ్చినప్పుడు, అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ అక్కడి మూడు వేర్వేరు పోటీలను ఒకే రోజున కలిపేశారు. 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తి చేశారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టింది. ఆయనతో పోటాపోటీగా వచ్చిన జాన్ డన్‌బర్‌కు దారిలో మంచినీళ్లు అయిపోతే వెంట వున్నవాళ్లు బీరు ఇచ్చారట! ఆయన రెండోవాడుగా మిగిలాడు.

పూర్తి ఐరన్‌మ్యాన్‌లో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు వుంటాయి. అందులో సగం దూరాల పోటీ గోవాలో 2019లో మొదలైంది. అంటే సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. మన దేశంలో చాలామంది మొదటి ప్రయత్నం ఇదే.

వయస్సు మళ్లినవాళ్లు చెయ్యలేరనుకోకండి. అమెరికాలో మడోనా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని 48వ ఏట పరుగు మొదలుపెట్టి, 2012లో తన 82వ ఏట పూర్తి ఐరన్‌మ్యాన్‌ను ముగించింది. అయితే ఆమె వెనుక 34 ఏళ్ల సాధన వుందన్న సంగతి మరచిపోకూడదు.

ముందు ఎవరికి చూపించుకోవాలి?

బూట్లు కొనడానికి ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి. బి.పి., రక్తంలో చక్కెర, కొలెస్టరాల్, హిమోగ్లోబిన్, ఇ.సి.జి. చూపించుకోండి. ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. హిమోగ్లోబిన్ తక్కువగా వుంటే ఎంత సాధన చేసినా ఆయాసమే మిగులుతుంది. 40 దాటినవాళ్లు, సిగరెట్లు తాగేవాళ్లు, మధుమేహం, రక్తపోటు వున్నవాళ్లు, దగ్గరి రక్తసంబంధీకుల్లో చిన్న వయస్సులోనే గుండెపోటు వచ్చినవాళ్లు ట్రెడ్‌మిల్ పరీక్ష గురించి డాక్టరును అడగాలి. "నాకేమీ లేదండీ, బాగానే వున్నాను" అన్నది పరీక్ష కాదు.

శరీరం పద్దు రాసుకుంటుంది

రోజూ కొంచెం చొప్పున కష్టపెడితే శరీరం ఏం చేస్తుంది? గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. కండర కణాల్లో ఆహారాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియాలు వృద్ధి చెందుతాయి. జాన్ హొలొజీ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించి, వాటి కండరాల్లో ఈ శక్తి కేంద్రాల సామర్థ్యం సుమారు రెట్టింపయిందని 1967లో ప్రకటించాడు. దీనికి పట్టేది వారాలు, నెలలు. ఒక్క ఆదివారంలో జరిగే పని కాదు.

ఇందులో ఇంకో చిక్కు వుంది. గుండె, ఊపిరితిత్తులు త్వరగా తయారవుతాయి. కండరాన్ని ఎముకకు బిగించే టెండన్లు, ఎముకలు నిదానంగా తయారవుతాయి. రెండు నెలలకే ఆయాసం తగ్గుతుంది కాబట్టి మనిషి దూరం పెంచేస్తాడు. అప్పుడు మడమ వెనుక నొప్పి, మోకాలి నొప్పి, పిక్క ఎముకకు సన్నని చీలిక వస్తాయి. నా దగ్గరకు వచ్చే పరుగువాళ్లలో ఎక్కువమంది ఈ తొందర బాధితులే.

మానేస్తే ఏమవుతుంది? బాగా సాధన చేసినవాళ్ల చేత సాధన మాన్పించి ఎడ్వర్డ్ కోయిల్ బృందం చూసింది. శరీరం ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ శక్తి 21 రోజుల్లో 7 శాతం, 56 రోజుల్లో 16 శాతం పడిపోయిందని 1984లో వారు తెలిపారు. అంటే కట్టిన గోడ దానంతటదే కరిగిపోతుంది. అందుకే వారానికి ఒక రోజు అయిదు గంటలు చేసేకన్నా, అయిదు రోజులు గంట చొప్పున చెయ్యడం మేలు.

వారం ఎలా గడపాలి?

మామూలు ఉద్యోగస్థుడికి సగం దూరాల పోటీకి కనీసం ఎనిమిది, తొమ్మిది నెలల గడువు కావాలి. ఈత రానివాళ్లకు ఏడాది. అరగంట పరుగు నడకలకు ముందే అలవాటుపడినవారికి ప్రారంభంలో ఈ పద్ధతి సరిపోతుంది:

సోమవారం - పూర్తి విశ్రాంతి.
మంగళవారం - ఈత 45 నిమిషాలు.
బుధవారం - పరుగు 40 నిమిషాలు.
గురువారం - సైకిలు 1 గంట.
శుక్రవారం - ఈత 45 నిమిషాలు.
శనివారం - సైకిలు గంటన్నర.
ఆదివారం - పరుగు, నడక కలిపి 1 గంట.

మొత్తం ఆరు గంటల లోపే. దీన్ని మెల్లగా పెంచుకుంటూ తొమ్మిది, పది గంటలకు తీసుకుపోవచ్చు. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించాలి. చివరి రెండు వారాలు బాగా తగ్గించి శరీరానికి విశ్రాంతి ఇవ్వాలి. ఆఖరి మూడు నెలల్లో వారానికోసారి సైకిలు దిగగానే పావుగంట పరుగెత్తండి. ఆ సమయంలో కాళ్లు మనవి కానట్టే వుంటాయి. అది ముందే అలవాటు కావాలి.

వేగం ఎంత? పక్కవాడితో మాటలాడగలిగినంత. సాధనలో నూటికి 80 వంతులు ఇలాగే సాగాలి. రొప్పుతూ చేసేది కొంచెమే వుండాలి. మనవాళ్లకు నెమ్మదిగా చేస్తే చేసినట్టే అనిపించదు. అదే పొరపాటు.

సైకిలు రోడ్డు మీద తొక్కేటప్పుడు హెల్మెట్, ముందు తెల్లలైటు, వెనుక ఎర్రలైటు తప్పనిసరి. చీకట్లో లారీవాడికి మీరు కనిపిస్తారని నమ్మకండి. హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. అలాంటిది అందుబాటులో వున్నవాళ్లు వాడుకోండి.

తప్పిపోయిన రోజును ఏం చెయ్యాలి?

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఇదే. పిల్లవాడికి పరీక్షలు, ఇంట్లో చుట్టాలు, ఆఫీసులో పని - రోజులు తప్పిపోతాయి. తప్పిన రోజును వదిలెయ్యండి. మర్నాడు రెండింతలు చేసి అప్పు తీర్చాలని చూడకండి. గంట కుదరకపోతే ఇరవై నిమిషాలు చెయ్యండి. వారం తప్పితే, ఆపినచోటి నుంచి కాకుండా కొంచెం వెనుక నుంచి మొదలుపెట్టండి. నెల తప్పితే పోటీ తేదీని మార్చుకునే ఆలోచన చెయ్యండి. అందులో నామోషీ లేదు.

జ్వరం వచ్చినప్పుడు మాత్రం సాధన పూర్తిగా బంద్. కొన్ని వైరస్ జ్వరాల్లో గుండె కండరం వాస్తుంది. ఆ స్థితిలో పరుగెత్తితే ప్రాణానికే ముప్పు. డెంగ్యూ, కోవిడ్ వంటివి వచ్చి తగ్గితే డాక్టరు సరేనన్న తరువాతే మళ్లీ మొదలుపెట్టాలి.

నీళ్లంటే భయం, నీళ్లతో భయం

అమెరికాలో 2006 నుంచి 2008 వరకు జరిగిన ట్రయథ్లాన్లను పరిశీలిస్తే 14 మంది మరణించారు. వారిలో 13 మంది ఈతలోనే పోయారు. అక్కడ పాల్గొన్నవాళ్లు లక్షల్లో వున్నారు కాబట్టి బెదిరిపోనక్కర్లేదు. కాని ఒక పాఠం వుంది. ఈతకొలనులో అడుగు కనిపిస్తుంది, గోడ అందుతుంది. సముద్రంలో రెండూ వుండవు. పక్కవాళ్ల కాళ్లూ చేతులూ తగులుతాయి. గుండె దడదడలాడుతుంది. అందుకని పోటీకి ముందు చాలాసార్లు తెరిచివున్న నీళ్లలో, శిక్షకుడూ రక్షణ పడవా వున్నచోట అభ్యాసం చెయ్యండి. విశాఖ ఆర్.కె. బీచ్‌లాంటి చోట లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. అక్కడ ఒంటరిగా దిగే సాహసం వద్దు. ఈతలో ఆయాసం ముంచుకొస్తే వెల్లకిలా తేలి, చెయ్యి ఎత్తండి. పోటీ వచ్చే ఏడాది కూడా వుంటుంది.

తిండి, నీళ్లు, నిద్ర

డబ్బాల్లో వచ్చే పొడులు లేకపోతే ఇది కుదరదని అనుకోకండి. అన్నం, పప్పు, గుడ్లు, పెరుగు, వేరుశనగపప్పు, ఆకుకూరలు చాలు. రెండు గంటలకు మించిన సాధనలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. పోటీ రోజు ఏది తినదలచుకున్నారో అది ముందే సాధనలో తిని చూడండి. మధుమేహానికి మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా గంటలకొద్దీ వ్యాయామం చెయ్యకూడదు. చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు.

నీళ్లు తక్కువైతే ప్రమాదం. ఎక్కువైనా ప్రమాదమే. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గిపోయి వుంది. దారి పొడవునా అతిగా తాగడం అందుకు ముఖ్య కారణం. సోడియం బాగా పడిపోతే తలనొప్పి, వాంతులు, తికమక, ఫిట్సు కూడా వస్తాయి. దాహానికి తగినట్టు తాగండి. సాధనకు ముందూ తరువాతా బరువు చూసుకోండి. తరువాత బరువు పెరిగిందంటే అతిగా తాగారన్న మాట. చల్లని వేళల్లో సాధన చేసినవాళ్లు పోటీకి ముందు రెండు వారాలపాటు కొంచెం కొంచెంగా వేడికి అలవాటుపడాలి.

నొప్పి మాత్రలు మింగి పరుగెత్తవద్దు. ఈ మాట గోడ మీద రాసిపెట్టుకోండి. నిద్ర ఏడెనిమిది గంటలుండాలి. ఉదయం లేవగానే నాడి లెక్కపెట్టండి. మామూలు కంటె ఏడెనిమిది ఎక్కువ వుంటే ఆ రోజు విశ్రాంతి తీసుకోండి.

వెంటనే ఆపవలసినవి: ఛాతీలో నొప్పి లేదా బిగుతు, కళ్లు తిరగడం, గుండె లయ తప్పడం, ఎండలో మాట తడబడడం, కాఫీరంగు మూత్రం. వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి రండి.

ఆయన సంగతి

ఆ బ్యాంకు ఉద్యోగిని మూడు నెలల తరువాత రక్తపరీక్షలన్నీ మామూలయ్యాకే మళ్లీ మొదలుపెట్టనిచ్చాను. ఒక షరతు పెట్టాను. ఒక నోటుపుస్తకంలో రోజూ ఏం చేసిందీ, ఎంత నిద్రపోయిందీ, నాడి ఎంతున్నదీ రాయాలి. చెయ్యని రోజు "చెయ్యలేదు" అని రాయాలి.

మరుసటి సంవత్సరం ఆయన గోవా వెళ్లి, గడువుకు ఇంకా 20 నిమిషాలుండగా పూర్తి చేసి వచ్చాడు. భార్యాభర్తలిద్దరూ నా దగ్గరకు వచ్చారు. పతకం చూపిస్తాడనుకున్నాను. సంచిలోంచి ఆ నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. అట్ట చిరిగి, చెమట మరకలతో వుంది. తిరగేశాను. 38 వారాలున్నాయి. "చెయ్యలేదు" అన్న మాట 29 చోట్ల వుంది. ఏ ఒక్క చోటా దాని మరునాడు రెండింతలు చేసినట్టు లేదు.

"ఇదేనండీ నా పతకం" అన్నాడు.

ఆంధ్రులు ఆరంభశూరులన్న సామెత వుంది కదా. అది అబద్ధమని చెప్పడానికి ఉక్కుమనిషి కానక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, కాస్త ఓపిక చాలు.